మోకాలి నొప్పి తగ్గింది, పరుగు ఆగలేదు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే పరిగెత్తడం నాకు ప్రాణం. దూరం పెంచేకొద్దీ కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. "ఇంక పరిగెత్తబాకురా, గుజ్జు అరిగిపోద్ది" అని మామయ్య ఒకటే పోరు.

2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చదివాక ధైర్యం వచ్చింది. సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలోనే ఉంది. కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2, పోటీల్లో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. (నొప్పి ఉన్నవాళ్లు ముందే పరుగు మానేసి ఉండొచ్చు, అదీ లెక్కలోకి తీసుకోవాలి.)

ఫిజియోథెరపిస్టు చూసి, తొడ, పిరుదు కండరాలకు బలం చాలడం లేదన్నారు. నాకు బాగా పనిచేసింది మెట్టు వ్యాయామం. కుడికాలు మెట్టు మీద ఉంచి, ఎడమ మడమ కింద నేలకు తాకేదాకా కుడి మోకాలు నిదానంగా వంచాలి. మోకాలి చిప్ప కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. నాది మొదట్లో లోపలికి వాలిపోయేది. అద్దం ముందు చేస్తూ సరిచేసుకున్నాను.

పరుగు మానలేదు. దూరం తగ్గించాను, అడుగులు చిన్నవిగా, వేగంగా వేశాను. అలా వేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది. కొద్దిపాటి నొప్పి మర్నాటికి తగ్గిపోతే కొనసాగించాను, తగ్గకపోతే ఆ రోజు నడకే. మైపాడు బీచ్‌లో ఏటవాలు ఇసుక మీద పరుగు మాత్రం నొప్పి పూర్తిగా పోయాకే.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా వ్యాయామాలతో సరిపెట్టుకోకండి, ఎముకల డాక్టరుకు చూపించండి.