మీ ఊళ్లో ఖగోళ పరిశీలన సంఘాన్ని ఎలా నడపాలి?

రోహిణిలో పుట్టినవారు, స్వాతిలో పుట్టినవారు మన ప్రతి వీధిలోనూ ఉంటారు. రోహిణి ఏదో, స్వాతి ఏదో ఆకాశంలో వేలెత్తి చూపించగలిగినవారు మాత్రం ఊరంతా గాలించినా నలుగురైదుగురు దొరకరు. ఊళ్లో ఖగోళ పరిశీలన సంఘం పెట్టడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు. ఆసక్తి గల పది మంది, చీకటిగా ఉండే ఒక డాబా, గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఉంటే సంఘం మొదలుపెట్టవచ్చు. టెలిస్కోపు ఏడాది తర్వాత వచ్చినా నష్టం లేదు.

ఈ నేలకు ఇది కొత్త పని కాదు. విశాఖపట్నంలో జి.వి. జగ్గారావు 1840 దశకంలోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకపోయినా పరిశీలించవచ్చని మర్నాడే అక్కడ నిరూపించారు.

ముందుగా తేదీ

సంఘానికి పేరు, అధ్యక్షుడు, నియమావళి కంటే ముందు తేదీ కావాలి. నెలకు రెండు సమావేశాలు చాలు. మొదటిది అమావాస్యకు దగ్గరగా వచ్చే శనివారం; ఇది సభ్యుల కోసం. రెండోది శుద్ధ పంచమికి, దశమికి మధ్య వచ్చే శనివారం. ఇది ఊరివారందరి కోసం. చంద్రుణ్ణి పౌర్ణమి నాడు చూపిస్తే బాగుంటుందని కొత్తవారు అనుకుంటారు గానీ, ఆ రోజు సూర్యకాంతి చంద్రుడి మీద తిన్నగా పడటం వల్ల గుంటలకు, కొండలకు నీడలుండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. శుద్ధ అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ప్రతి గుంట అంచూ నల్లటి నీడతో లేచి నిలబడినట్టుంటుంది.

ఒకసారి పెట్టుకున్న తేదీని పెళ్లిళ్లకో పరీక్షలకో మార్చకండి. ఇద్దరే వచ్చినా సమావేశం జరిగిందన్న నమ్మకమే తర్వాతి నెల ఇరవై మందిని రప్పిస్తుంది.

స్థలం

చంద్రుణ్ణి, గ్రహాలను చూపించడానికి ఊరి మధ్యనున్న బడి మైదానం సరిపోతుంది. పాలపుంత చూడాలంటే మాత్రం పట్టణపు వెలుగుకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల దూరం వెళ్లాలి. ఒక సభ్యుడి పొలమో, తోటో ఉంటే అంతకంటే మంచిది లేదు. ఉత్తర దిక్కు తెరిపిగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా దాదాపు అంతే. అంటే గుంటూరు దగ్గర అది క్షితిజం నుంచి పదహారు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన ఒక కొబ్బరితోట అడ్డొస్తే చాలు, అది కనిపించదు. స్థలం యజమాని అనుమతి తీసుకోవడం, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందుగా ఒక మాట చెప్పడం, మహిళలకు మరుగుదొడ్డి సౌకర్యం, తిరిగి వెళ్లడానికి వాహనం చూడటం తప్పనిసరి. వీటిలో చివరి రెండూ లేని సంఘానికి ఆడపిల్లలు రారు. వారు రాని సంఘం ఊరి సంఘం అనిపించుకోదు.

మొదటి మూడు నెలలు వట్టి కంటితో

సభ్యులు చేరగానే ప్రతి ఒక్కరినీ జన్మనక్షత్రం అడిగి, ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ ఏడాది పాఠ్యప్రణాళిక. రోహిణి డిసెంబరు నుంచి మార్చి వరకు సాయంత్రాలు కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సప్తర్షి మండలపు తోక వంపును అదే వంపులో ముందుకు పోనిస్తే మొదట నారింజ రంగు స్వాతి, ఇంకా పోనిస్తే తెల్లటి చిత్త తగులుతాయి. మే చివర్లో ఆగ్నేయంగా ఎర్రటి జ్యేష్ఠ పైకి వస్తుంది. వానలు తగ్గాక శ్రవణం తలపైకి దగ్గరగా ఉంటుంది. పౌర్ణమి చంద్రుడు ఏ నక్షత్రం చేరువలో ఉంటే ఆ నెలకు ఆ పేరు వచ్చిందని, కార్తికానికి కృత్తిక, చైత్రానికి చిత్త అలా వచ్చినవేనని చెబితే పెద్దలు కూడా కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

దూరాలు కొలవడం చేతితోనే నేర్పించండి. చెయ్యి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. చంద్రబింబం అందులో సగమే. ఈ చివరి మాట ఎవరూ నమ్మరు, కాబట్టి అక్కడికక్కడే చూపించాలి.

పెళ్లిలో పట్టపగలు చూపించే అరుంధతిని మీ సంఘం నిజంగా చూపించవచ్చు. సప్తర్షుల తోక మధ్యనున్న వశిష్ఠుడి పక్కన, మంచి చూపు గలవారికి అరుంధతి చిన్న చుక్కగా కనిపిస్తుంది. తర్వాత ఎప్పుడైనా టెలిస్కోపు తెచ్చినప్పుడు ఆ జంటనే మళ్లీ చూపించండి: ఒక్కడే అనుకున్న వశిష్ఠుడు కూడా రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. ఆ క్షణంలో ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గర వినిపించే నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం.

టెలిస్కోపు కొనేటప్పుడు

ముందుగా 10×50 బైనాక్యులర్స్ ఒకటి కొనండి. దాన్ని గోడకో స్టాండుకో ఆనిస్తే గురుగ్రహపు నాలుగు పెద్ద చంద్రులు కనిపిస్తాయి. ఆ తర్వాత ఆరు అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు. మోటార్లు, కంప్యూటర్లు లేని ఈ రకం తక్కువ ధరలో ఎక్కువ చూపిస్తుంది, పిల్లలు కూడా తిప్పగలరు. డబ్బా మీద ఆరు వందల రెట్లు అని అచ్చు వేసిన బొమ్మ టెలిస్కోపులకు మోసపోకండి. అద్దం వ్యాసం అంగుళానికి యాభై రెట్లకు మించి పెంచితే కనిపించేది మసకే. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) గల టెలిస్కోపులో 25 మిల్లీమీటర్ల ఐపీస్ 48 రెట్లు ఇస్తుంది; శని వలయాలను గుర్తుపట్టడానికి అది చాలు.

కొన్నదాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. నాకు తెలిసిన ఒక కళాశాలలో మంచి టెలిస్కోపు రెండు వానాకాలాలు పెట్టెలోనే ఉండిపోయింది. తెరిచేసరికి ఐపీస్ గాజు మీద సాలెగూడు వంటి బూజు అల్లుకుని ఉంది, ఎంత తుడిచినా పోలేదు. కోస్తా తేమలో ఐపీస్‌లను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి, నెలకోసారి తీసి చూడాలి. తాళంచెవి ఒకరి దగ్గర కాకుండా ఇద్దరి దగ్గర ఉండాలి. అందులో ఒకరు పాతికేళ్ల లోపువారైతే మంచిది.

ఊరివారికి చూపించే రాత్రి

120 రెట్ల వద్ద మధ్యలో పెట్టిన గ్రహం, భూభ్రమణం వల్ల నిమిషంలోపే అంచు దాటిపోతుంది. అందువల్ల ఒక్కొక్కరు చూశాక సభ్యుడొకరు మళ్లీ సరిచేయాలి. ఎదురుగా వచ్చినవారు ముందు గొట్టాన్ని చేత్తో పట్టుకుంటారు, అది కదిలి అంతా పోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని వంగమని నెమ్మదిగా చెప్పండి. పిల్లలకు ఒక స్టూలు, వృద్ధులకు ఒక కుర్చీ ఉంచండి. మనిషికి అర నిమిషం చొప్పున అరవై మందికి అరగంట పడుతుంది, కాబట్టి వరుసలో నిలబడినవారికి ఆకాశాన్ని చూపిస్తూ మాట్లాడే మనిషిని వేరుగా పెట్టండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. చీకటికి అలవాటు పడిన కన్ను ఒక్క ఫోను వెలుగుతో చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

సూర్యగ్రహణం వచ్చినప్పుడు బాధ్యత రెట్టింపవుతుంది. ఫిల్టర్ టెలిస్కోపు ముందు భాగానికి బిగించాలి, కన్ను పెట్టే చోట ఎన్నడూ కాదు. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్–రంగాపూర్ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లినప్పుడు భయంతో తలుపులు వేసుకున్న ఇళ్లెన్నో. వాదించకండి. అట్టముక్కకు సూదిబెజ్జం పొడిచి, నేల మీద పడే సూర్యుడి నెలవంకను చూపించండి.

రిజిస్ట్రేషన్, లెక్కలు

ఏడాది నిలబడ్డాక రిజిస్టర్ చేయించవచ్చు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి, లెక్కలు ప్రతి సమావేశంలో చదివి వినిపించండి.

పరిశీలన పుస్తకం

ప్రతి రాత్రి తేదీ, సమయం, మబ్బు, చూసినవి ఒక పుస్తకంలో రాయాలి. రాయడం అలవాటైనవారికి ఆరుద్రను అప్పగించండి. మామూలుగా రోహిణి కంటే ప్రకాశవంతమైన ఆ నక్షత్రం 2020 ఫిబ్రవరి నాటికి రోహిణి కంటే బాగా మసకబారింది, ఆ తేడా వట్టి కంటికే తెలిసింది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ప్రకాశం మారే నక్షత్రాన్ని ఒకదాన్ని గుర్తించారు. మరుసటి ఏడాది గ్రహణం కోసం వనపర్తికి వచ్చినదీ ఆయనే. నక్షత్రాల ప్రకాశం మీద వట్టి కంటితో వేసిన ఇటువంటి అంచనాలను, ప్రకాశం మారే నక్షత్రాల వివరాలు సేకరించే ఏఏవీఎస్‌ఓ వంటి అంతర్జాతీయ సంఘం ఔత్సాహికుల నుంచి స్వీకరిస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. అయినా శనివారం సమావేశం ఆపవద్దు. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నిలువు వస్తువులకు నీడ పడని రోజు, అంటే నీడలేని రోజు, మన ప్రాంతంలో ఏప్రిల్ చివర నుంచి మే మూడో వారం లోపు ఒకసారి, జూలై చివర నుంచి ఆగస్టు మధ్య లోపు మరొకసారి వస్తుంది. మీ ఊరి తేదీ చూసుకుని, మధ్యాహ్నం ఎండ ఉంటే నిలువు కర్ర పాతి చూడండి. మబ్బు పడితే లోపల కూర్చుని అద్దాల అమరిక సరిచేసుకోండి, ఐపీస్ డబ్బాలు తెరిచి పొట్లాలు మార్చండి. ఆ రోజు పేజీలో తేదీ వేసి, "మబ్బు, ఏమీ కనిపించలేదు" అని రాసి సంతకం చేయండి.