టెలిగ్రామ్ బాట్‌కు జనం పెరిగాక వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

ఒకే మెసేజ్‌కి రెండు మూడు జవాబులు వెళ్తున్నాయి

ముందు గెట్‌వెబ్‌హుక్‌ఇన్ఫో (వెబ్‌హుక్ పరిస్థితి చెప్పే టెలిగ్రామ్ కమాండ్; వెబ్‌హుక్ అంటే టెలిగ్రామ్ మెసేజ్‌లు పంపే మీ సర్వర్ చిరునామా) చూడండి. పెండింగ్ అప్‌డేట్ల (ఇంకా మీకు అందని మెసేజ్‌లు, బటన్ నొక్కుళ్ల వంటివి) సంఖ్య పెరుగుతూ, చివరి ఎర్రర్‌లో 'రీడ్ టైమౌట్' కనిపిస్తే పనంతా వెబ్‌హుక్‌లోనే జరుగుతోందన్నమాట. డేటాబేస్ వెతికి, బయటి ఏపీఐని అడిగి, అంతా అయ్యాక 200 ('అందింది' అన్న జవాబు) ఇస్తున్నారు. ఈలోగా టెలిగ్రామ్ అందలేదనుకుని అదే అప్‌డేట్ మళ్లీ పంపుతుంది. చాలామంది ఇక్కడ పెద్ద సర్వర్ కొంటారు, డబ్బు దండగ.

అప్‌డేట్‌ను క్యూలో వేసి వెంటనే 200 ఇచ్చేయండి, మిగతాది వర్కర్లు (క్యూలోంచి తీసి పనిచేసే ప్రోగ్రాములు) చూసుకుంటాయి. అప్‌డేట్ ఐడీని రెడిస్‌లో (సర్వర్లన్నీ పంచుకోగల వేగమైన డేటా నిల్వ) 'ఇప్పటికే లేకపోతేనే' అన్న షరతుతో కీగా రాయండి. ముందే ఉంటే అది నకలు, వదిలేయండి. అందని అప్‌డేట్లను టెలిగ్రామ్ 24 గంటలకు మించి ఉంచదు కాబట్టి కీకి ఒక రోజు గడువు చాలు. క్యూలో వేయడమే విఫలమైతే మాత్రం ఆ కీ తీసేసి 500 (సర్వర్ లోపం) ఇవ్వండి. లేదంటే మళ్లీ వచ్చిన మెసేజ్‌ను కూడా నకలనుకుని పారేస్తారు.

పేరు చెప్పాక కూడా మళ్లీ పేరే అడుగుతోంది

సంభాషణ ఎక్కడిదాకా వచ్చిందో ఒక సర్వర్‌లోని ప్రాసెస్ మెమరీలో ఉంది. రెండో సర్వర్‌కి ఆ సంగతి తెలీదు. దాన్ని చాట్ ఐడీ, యూజర్ ఐడీ కలిపి రెడిస్‌లో పెట్టండి. ఒక చాట్ మెసేజ్‌లు వరుస తప్పకుండా ఒకే వర్కర్‌కి వెళ్లాలి.

429 ఎర్రర్ (హద్దు మించి పంపారు)

ఒక చాట్‌కి సెకనుకు ఒకటి, గ్రూపులో నిమిషానికి 20, అందరికీ పంపేటప్పుడు సెకనుకు సుమారు 30: ఇవీ మామూలు హద్దులు. ఎర్రర్‌తో వచ్చే 'రిట్రై ఆఫ్టర్' ఎన్ని సెకన్లంటే అన్ని ఆగండి. ఈ లెక్కన లక్ష మందికి పంపడానికి దాదాపు 55 నిమిషాలు పడుతుంది. అందుకే ప్రకటనలకు వేరే క్యూ పెట్టండి, అడిగినవాళ్ల జవాబులు వాటి వెనక ఇరుక్కోకూడదు. బాట్‌ను బ్లాక్ చేసినవాళ్లకు 403 వస్తుంది, జాబితాలోంచి తీసేయండి.

409 ఎర్రర్

పోలింగ్ (వెబ్‌హుక్ బదులు బాటే టెలిగ్రామ్‌ను అడిగి మెసేజ్‌లు తెచ్చుకోవడం) వాడుతున్నప్పుడు అదే టోకెన్‌తో (బాట్ రహస్య కోడ్) ఇంకో కాపీ ఎక్కడో నడుస్తోంది. మీ ల్యాప్‌టాప్‌లోనే చూడండి. టెస్టింగ్‌కి వేరే బాట్, వేరే టోకెన్.

ఇంగ్లిష్ బటన్లు పనిచేస్తాయి, కొన్ని తెలుగు బటన్లు పనిచేయవు

కాల్‌బ్యాక్ డేటాకు (బటన్ నొక్కితే బాట్‌కు వచ్చే సమాచారం) హద్దు 64 బైట్లు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, సున్న ఒక్కోటి 3 బైట్లు, వత్తు 6. ఒక్క 'శ్రీ'కే 12, 'శ్రీకాకుళం' 30. జిల్లా, మండలం, ఊరు కలిపి పెడితే దాటిపోతుంది. పేర్లు బటన్ మీదే ఉంచి, డేటాలో ఊరి ఐడీ నంబరు పంపండి.