ఎదుటివారి తప్పు మన ప్రాణం మీదికి రాకుండా బండి నడపడం ఎలా

రోడ్డు మీద మనకు కోపం తెప్పించే పనులు ఎప్పుడు పడితే అప్పుడు, ఎక్కడ పడితే అక్కడ జరుగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, రోజూ ఒకే దారిలో తిరిగేవారు కాస్త గమనిస్తే అవే తప్పులు అవే చోట్ల జరుగుతున్నాయని తెలుస్తుంది. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉన్నచోట రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. బస్టాపుకు ఎదురుగా కూరగాయల మార్కెట్టు ఉంటే, బస్సు దిగినవాళ్లు దిగినట్టే రోడ్డు దాటుతారు. సిగ్నల్ పచ్చ నుంచి ఎరుపుకు మారే చివరి రెండు మూడు సెకన్లలో దూసుకుపోయేవాళ్లు ప్రతి కూడలిలోనూ ఉంటారు. ఈ తప్పులను ఆపే అధికారం మనకు లేదు. అవి ఎక్కడ ఎదురవుతాయో ముందే తెలుసుకుని, వాటికి కొంత చోటు వదిలి బండి నడపడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా మొదట స్కూటరు, తర్వాత కారు నడుపుతూ నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చాలా భాగం విజయవాడ, విశాఖ, కరీంనగర్ రోడ్లకూ వర్తిస్తుంది.

ముందుగా ఒక వారం పాటు ఒక చిన్న పని చేయండి. ఇంటికి చేరాక, ఆ రోజు ఎక్కడెక్కడ బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చిందో, ఎవరి వల్ల తొక్కాల్సి వచ్చిందో రెండు ముక్కల్లో రాసిపెట్టుకోండి. నేను ఇలా రాసుకున్నప్పుడు, ఆఫీసుకు వెళ్లే పదకొండు కిలోమీటర్ల దారిలో ఆరు చోట్లే మళ్లీ మళ్లీ కనిపించాయి. అందులో మూడు డివైడర్ గ్యాపులు, రెండు బస్టాపులు, ఒకటి టిఫిన్ సెంటర్ ముందు కార్లు అడ్డదిడ్డంగా ఆపే మలుపు. దారంతా ఒళ్లు బిగబట్టుకుని నడిపే నాకు, ఆ ఆరు చోట్ల జాగ్రత్తపడితే మిగతా దారి తేలిగ్గా గడిచిపోతుందని ఆ కాగితం చూశాకే అర్థమైంది.

ఆగి ఉన్న బస్సు దగ్గర

నేను ఆ కాగితం రాయడానికి కారణం ఒక బస్టాపు. ఒకరోజు సాయంత్రం ఆగి ఉన్న సిటీ బస్సును స్కూటరు మీద కుడివైపు నుంచి దాటుతున్నాను. బస్సు ముందు నుంచి స్కూలు సంచీ వేసుకున్న పదేళ్ల పిల్లవాడు పరుగున బయటికి వచ్చాడు. రెండు బ్రేకులూ పట్టేశాను. వెనుక చక్రం జారి, బండితో సహా పక్కకు ఒరిగి, అతనికి జానెడు దూరంలో ఆగాను. నా మోకాలు చీరుకుపోయింది. అతని చేతిలోంచి జారిన టిఫిన్ బాక్సు మూత ఊడి, మిగిలిన పెరుగన్నం రోడ్డు మీద పడింది. నేను కేకలు వేశాను. అతను ఏడవలేదు, మూత కోసం మాత్రం వెతుక్కున్నాడు. రెండు రోజుల తర్వాత అదే చోట నడిచి వెళ్లినప్పుడు చూస్తే, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టీ కొట్టు, ఆ తర్వాత ఆపి ఉంచిన బైకులు ఉన్నాయి. జీబ్రా క్రాసింగ్ గీతలు లేవు. ఆ పిల్లవాడు రోడ్డు దాటడానికి ఇంకొక దారే లేదని నడిచి చూస్తే గానీ నాకు తెలియలేదు.

ఇందులో లెక్క కూడా ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లేది దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని చూసి, చేయో కాలో బ్రేకు మీదికి చేరడానికే సుమారు ఒక సెకను పడుతుంది కాబట్టి, ఆ దూరమంతా బండి అసలు తగ్గని వేగంతోనే వెళుతుంది. బ్రేకు పడిన తర్వాత ఆగడానికి పట్టే దూరమైతే, వేగం రెట్టింపైనప్పుడు నాలుగింతలు అవుతుంది. ఆగి ఉన్న బస్సును 20 కిలోమీటర్ల వేగానికి దిగి దాటితే మనం కోల్పోయేది నాలుగైదు సెకన్లు. ఇంకొక చిట్కా ఉంది. బస్సుకు ఇరవై ముప్పై అడుగుల వెనుక నుంచే దాని కింది భాగాన్ని చూడండి. ముందు చక్రాల అవతల నడుస్తున్న పాదాలు, చెప్పులు, చీర అంచు కనిపిస్తాయి. మనిషి బయటికి రాకముందే మనకు కబురు అందుతుంది. ఆగి ఉన్న లారీలు, నీళ్ల ట్యాంకర్ల దగ్గర కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

నడిచేవారి విషయంలో

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవారు, అంటే ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు. ఫోనులో మాట్లాడుతూ, చెయ్యి చాపి ఆగమని సైగ చేస్తూ అడ్డంగా నడిచేవారిని చూస్తే నాకూ విసుగు వస్తుంది. అయినా తప్పు ఎవరిదైనా దెబ్బ తగిలేది వారికే కాబట్టి, ఎక్కువ జాగ్రత్త పడవలసింది బండి మీద ఉన్నవారే అని నేను గట్టిగా నమ్ముతాను. సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గర ముందుగా వెళ్లే హక్కు నడిచేవారిదే అని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

రోడ్డు మధ్యలో ఉన్న మనిషిని చూసి హారన్ కొట్టకండి. హారన్ వినగానే కొందరు ముందుకు పరుగెత్తుతారు, కొందరు వెనక్కి గెంతుతారు, కొందరు ఉన్నచోటే బిగుసుకుపోతారు. ఎవరు ఏం చేస్తారో మనం ఊహించలేము. వేగం తగ్గించి, అతని నడక అతన్ని నడవనిచ్చి, అతని వెనుక నుంచి వెళ్లండి. ముందు నుంచి దూరిపోవాలని ఎప్పుడూ చూడకండి. గుంపుగా దాటుతున్నప్పుడు ఒకరు అవతలికి చేరితే ఇవతల మిగిలినవారు తప్పకుండా వెంటపడి వస్తారు, ముఖ్యంగా తల్లి దాటి పిల్లలు ఇవతల ఉండిపోయినప్పుడు. ఒకరు దాటడం చూశారంటే రెండోవారి కోసం వెతకండి.

మీరు ఆగి దారి ఇచ్చినంత మాత్రాన పక్క వరుసలో వచ్చేవాడు ఆగడు. మీ బండి చాటున ఆ మనిషి అతనికి కనిపించడు కూడా. అందుకే ఆపే ముందు అద్దంలో వెనుక చూడండి, నెమ్మదిగా ఆపండి, చెయ్యి బయటికి చాపి వెనుకవారికి తెలియజేయండి. నడిచేవారిని మాత్రం రమ్మని చేత్తో పిలవకండి, ఎందుకంటే మన సైగను నమ్మి వారు పక్కకు చూడకుండా నడిచేస్తారు.

మనమూ రోజులో కొంతసేపు నడిచేవారమే. రోడ్డుకు ఎడమవైపు నడవాలని చిన్నప్పుడు నేర్చుకున్న మాట బండ్లకు సరిపోతుంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద మనిషి కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కంటికి కనిపించేలా నడవాలి. బస్సు దిగాక అది కదిలి వెళ్లిపోయేవరకు ఆగి, రెండు వైపులా చూసి దాటాలి. పిల్లలను రోడ్డుకు దూరంగా ఉన్న వైపు నడిపించి, వేళ్లకు బదులు మణికట్టు పట్టుకోవాలి.

రాంగ్ రూట్, ఆటోలు, వెనుక నుంచి తరిమేవారు

రాంగ్ రూట్‌లో వచ్చేవారు సాధారణంగా రెండు చోట్ల ఉంటారు. పక్క సందుకో కొట్టుకో వెళ్లేవారు మన ఎడమ అంచు పట్టుకుని వస్తారు. డివైడర్ గ్యాప్ కోసం వచ్చేవారు మన కుడివైపు డివైడర్‌ను ఆనుకుని వస్తారు. ద్విచక్ర వాహనం నడిపేవారు సందులు ఎక్కువగా ఉన్నచోట అంచుకు మరీ దగ్గరగా వెళ్లకుండా ఒకటిన్నర మీటరు లోపలికి ఉంటే, ఎదురుగా వచ్చేవాడికీ మనకూ తప్పుకోవడానికి చోటు మిగులుతుంది. అలాంటివాడు ఎదురైనప్పుడు చటుక్కున కుడికి కొయ్యకండి. వెనుక నుంచి వచ్చే లారీ అతనికన్నా పెద్ద ప్రమాదం. వేగం తగ్గించి మీ గీతలోనే ఉండండి, అతన్ని అంచున పోనివ్వండి. నీతి చెప్పడానికి బండి అడ్డం పెట్టడం నేను ఒకటి రెండుసార్లు చేశాను. దాని వల్ల వెనుక ఉన్నవారికి ఇబ్బంది కలిగింది తప్ప, మర్నాడు కూడా అతను అదే దారిలో వచ్చాడు. 2019 సవరణ తర్వాత రాంగ్ రూట్, సిగ్నల్ జంపింగ్, నడుపుతూ చేతిలో ఫోను వాడడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్క. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఆటో వెనుక వెళుతున్నప్పుడు ఆటోను చూడడం కన్నా, రోడ్డు అంచున నిలబడ్డవారిని చూడడం మేలు. ఎవరి చెయ్యి లేచినా ముందున్న షేర్ ఆటో మరుక్షణం ఎడమకు కోసి ఆగిపోతుంది. ఇండికేటర్ వేస్తాడని ఎదురుచూడకుండా దాని ముందు చక్రం ఎటు తిరుగుతోందో గమనించండి. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం, అంటే కనీసం ఒక మీటరు వదలండి. బ్రేకు లైటు అప్పుడే ఆరిన కారు తలుపు కాసేపట్లో తెరుచుకుంటుంది.

ముందు బండికీ మనకూ మధ్య ఎంత దూరం ఉండాలో తెలుసుకోవడానికి ఒక కరెంటు స్తంభాన్ని గుర్తు పెట్టుకోండి. ముందు బండి దాన్ని దాటాక నిదానంగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టిన తర్వాతే మీరు దాన్ని చేరాలి. వానలో నాలుగు దాటాలి. అంత ఖాళీ వదిలితే ఇంకొకరు వచ్చి దూరతారన్నది నిజమే. దూరనివ్వండి, మళ్లీ కొంచెం వెనక్కి తగ్గండి. పదిమంది అలా దూరినా మీరు ఆఫీసుకు చేరేది ఒకటి రెండు నిమిషాలు ఆలస్యంగానే. వెనుక ఎవరైనా ఆనుకుని హారన్ కొడుతూ తరుముతుంటే, మీ ముందు ఖాళీని ఇంకా పెంచండి. అప్పుడు మీరు గట్టిగా బ్రేకు వేయవలసిన అవసరం రాదు, అతను మిమ్మల్ని గుద్దే అవకాశమూ తగ్గుతుంది. వీలు చూసి ఎడమకు జరిగి అతన్ని పోనివ్వండి. అద్దం దింపి మాటకు మాట అనడం, వెంటపడి ఓవర్‌టేక్ చేయడం వంటివి చేస్తే అప్పటిదాకా లేని ప్రమాదం మన వల్లే మొదలవుతుంది.

ఊరు దాటాక

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి వంటి రోడ్ల మీద కష్టాలు వేరు. చౌటుప్పల్, చిట్యాల వంటి ఊళ్ల దగ్గర ఇళ్లు ఒకవైపు, పనులు ఇంకొకవైపు ఉంటాయి కాబట్టి, మనుషులూ గేదెలూ రోడ్డు దాటడం తప్పదు. ఊరి పేరు బోర్డు కనిపించగానే వేగం తగ్గించండి. కోతల కాలంలో చాలాచోట్ల పక్క రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్ల టార్పాలిన్లు కప్పుతారు. చీకట్లో ఆ నలుపు తారులో కలిసిపోతుంది. ఆ రోజుల్లో ఊరి రోడ్ల మీద రాత్రి ప్రయాణం మానుకోవడమే మంచిది. తప్పనిసరైతే మీ లైట్ల వెలుగులో కనిపించే దూరంలో ఆగగలిగేంత వేగమే ఉంచండి. వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీల విషయంలోనూ అంతే. ఎదురు బండి హైబీమ్ కళ్లలో కొడితే దానివైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు గీత మీద చూపు నిలపండి. ఇక్కడ డిప్పర్ కొట్టడానికి, అంటే హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పడానికి, ఎక్కువసార్లు అర్థం “నేను వస్తున్నాను, నువ్వు ఆగు” అనే గానీ “నువ్వు వెళ్లు” అని కాదు. అర్థం కాని సైగను నమ్మి ముందుకు వెళ్లకండి.

ఎంత జాగ్రత్త పడినా ప్రమాదం జరిగితే, లేదా ఎదురైతే, 108కి గానీ 112కి గానీ, జాతీయ రహదారి అయితే 1033కి గానీ ఫోన్ చేయండి. గాయపడినవారికి మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసులు పెట్టకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. గాయపడినవారికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స అందించే పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు బండి తాళం ఇస్తున్నవారు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఆ పిల్లలు బండి నడుపుతూ తప్పు చేస్తే తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లలకు పాతికేళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు.

చివరిగా, మీరు వారం పాటు రాసుకున్న కాగితాన్ని పారేయకండి. అందులో పదే పదే కనిపించిన చోటికి ఒక ఆదివారం నడిచి వెళ్లి, గీతలు లేవా, ఫుట్‌పాత్ మూసుకుపోయిందా, బోర్డును చెట్టుకొమ్మ కప్పేసిందా చూసి ఫొటోలు తీయండి. మున్సిపాలిటీకీ ట్రాఫిక్ పోలీసులకూ ఒకే అర్జీ ఇచ్చి, చుట్టుపక్కల పదిమందితో సంతకాలు పెట్టించి, రసీదు నంబరు దాచుకోండి. నాకు ఆ పిల్లవాడు ఎదురైన బస్టాపు దగ్గర ఇలాగే మూడుసార్లు అర్జీ ఇచ్చాక జీబ్రా గీతలు వేశారు. ఒక వానాకాలం గడిచేసరికి ఆ తెల్లరంగు సగం చెరిగిపోతుంది. అందుకే ప్రతి ఏడూ దసరా దాటాక కొత్త ఫొటో తీసి, పాత రసీదు నంబరు వేసి, మళ్లీ రాస్తున్నాము.