బరువు సంగతి పక్కన పెట్టి ఎక్సర్‌సైజ్ ఎలా మొదలుపెట్టాలంటే

ముందు వెయిట్ మెషీన్‌ని మంచం కిందకి తోసేయండి. పారేయమనట్లేదు, కంటికి కనపడకపోతే చాలు. ఉప్పు ఎక్కువ తిన్నా, పీరియడ్స్ దగ్గరపడినా ఒక్క రోజులోనే కేజీ అటూ ఇటూ అయిపోతుంది, అది కొవ్వు కాదు నీరు, పైగా కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినప్పుడు కండరాల్లో నీరు చేరి నంబర్ పెరగొచ్చు కూడా, అది చూసే చాలామంది "ఇంత చేసి ఏం లాభం" అని మానేస్తారు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) చూసి కూడా కంగారు పడకండి, ఆ లెక్క 1830ల్లో క్వెట్లే అనే బెల్జియం గణాంకవేత్త జనం సగటు కోసం వేసుకున్నది, అందులో కండ ఎంత కొవ్వు ఎంత అన్నది ఉండదు.

తర్వాత ఒక కారణం వెతుక్కోండి, తొందరగా తెలిసేదైతే మంచిది. నిద్ర, మూడ్, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, నడుం పట్టేయడం, ఏదైనా. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా సులువు, తిన్నాక కాసేపు నడిస్తే పనిలో ఉన్న కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటాయి, దానికి మీరు ఒక్క గ్రాము తగ్గక్కర్లేదు. (ఇన్సులిన్, మాత్రలు వాడుతుంటే లో షుగర్ అవ్వకుండా డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.)

ఎంత చేయాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరుగా, ఇంకా కనీసం 2 రోజులు కండరాలకి పని. మోస్తరు అంటే చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. 150 చూసి భయపడొద్దు, అసలు చేయకపోవడం కంటే 5 నిమిషాలైనా నయమే.

నన్నడిగితే ఆ 2 రోజులూ అస్సలు వదలొద్దంటా. వయసుతో పాటు కండ, ఎముక రెండూ తరుగుతాయి, బరువు తగ్గాలనే ధ్యాసలో తిండి మానేస్తే ఇంకా తరుగుతాయి. జిమ్ అక్కర్లేదు, గట్టి కుర్చీలో చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్, చాలు. ఎన్నిసార్లు లేవగలిగారో నోట్‌బుక్‌లో రాసుకోండి, కేజీల బదులు పెరిగే నంబర్ ఇది.

వాచ్‌లో కేలరీలు చూపించే స్క్రీన్ తీసేయండి. "ఆ స్వీట్ కరిగించాలి" అని పరిగెడితే అది శిక్షే అవుతుంది, శిక్షని ఎవరు రోజూ ఇష్టంగా చేస్తారు చెప్పండి. బట్టలు కూడా ఇప్పటి సైజువే కొనుక్కోండి, సన్నబడ్డాక కొందాంలే అని బిగుతువాటిలో ఊపిరాడకుండా నడవొద్దు, తొడలు ఒరుసుకుంటే పొడవాటి షార్ట్స్ వేసుకోండి.

ఇంకోటి, అద్దం ముందు నిలబడి నా ఒళ్ళంటే నాకెంతో ఇష్టం అని అనుకోవాల్సిన పనేం లేదు, అంత అబద్ధం కొందరి నోట రాదు కూడా. నచ్చని రోజు కూడా దానికి తిండీ నిద్రా కదలికా ఇవ్వొచ్చు, అంతే.

ఎవరైనా "ఎన్ని కేజీలు తగ్గావ్?" అంటే "చూసుకోలేదండీ, నిద్ర మాత్రం బాగా పడుతోంది" అనేసి టాపిక్ మార్చేయండి.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి వస్తే ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. జ్వరంలో కూడా మానలేకపోతున్నా, ఒక్కరోజు మిస్సయితే తిండి తినడానికి భయమేస్తున్నా, అది కూడా డాక్టర్‌కి చెప్పుకోవాల్సిన విషయమే.