కొత్త కవిత్వ పుస్తకాలు దొరకడం లేదా? ‘ప్రతులకు’ దగ్గర మొదలుపెట్టండి

పెద్ద పుస్తకాల షాపుకెళ్లి “కొత్త కవిత్వం ఏమొచ్చింది?” అని అడిగితే శ్రీశ్రీనో తిలక్‌నో చూపిస్తారు. వాళ్లుండాల్సిందే, కాదనను. కానీ ఈ ఏడాది వచ్చిన సంపుటాలు ఆ అరలోకి రావడం తక్కువ. చాలావరకు కవే డబ్బు పెట్టుకుని మూడొందలో ఐదొందలో కాపీలు వేయించుకుంటాడు. కొన్ని ఆవిష్కరణ సభలో పోతాయి, కొన్ని మిత్రులకు పోతాయి, మిగతావి ఇంట్లో అట్టపెట్టెల్లో ఉంటాయి. ఆ అట్టపెట్టె ఎవరింట్లో ఉందో పట్టుకోవడమే అసలు పని.

1. టైటిల్ వెనక పేజీ చదవండి

మీకు నచ్చిన కవితా సంపుటి ఏదైనా ఒకటి తీసుకోండి. లోపలి టైటిల్ పేజీ తిప్పితే చిన్న అక్షరాల్లో ప్రథమ ముద్రణ, వెల, ముఖచిత్రం, ముద్రణ అని వరసగా ఉంటాయి. అడుగున ‘ప్రతులకు’ అని ఉంటుంది. దాని కింద కవి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఒకటో రెండో పుస్తకాల షాపుల పేర్లు. మనం దాటేసి వెళ్లిపోయే పేజీ ఇదే.

తర్వాత ముందుమాట. అందులో పొగడ్తలు పట్టించుకోకండి. మన దగ్గర ముందుమాట అంటే దీవెన, ఎవరూ శపించరు. కానీ అందులో తోటి కవుల పేర్లు వస్తాయి. వాటి కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మీ తర్వాతి పుస్తకాలు అక్కడే ఉన్నాయి.

2. ముందు కవితలు, తర్వాత పుస్తకం

1998 నుంచి వస్తున్న ‘ఈమాట’, ఆ తర్వాత వచ్చిన ‘సారంగ’ లాంటి వెబ్ పత్రికల్లోనూ, 2012లో ఫేస్‌బుక్‌లో మొదలైన ‘కవిసంగమం’లోనూ కొత్తవాళ్లు రాస్తూనే ఉంటారు. ఒకే కవివి మూడు కవితలు నచ్చితే పేరు రాసుకుని, పుస్తకం వచ్చిందేమో చూడండి. ఒక్క కవిత నచ్చితే మాత్రం తొందరపడొద్దు. నేనలా కొని, ఆ ఒక్కటే బాగున్న పుస్తకాలు అరడజను పోగేశాను.

పత్రికల్లో ‘స్వీకారం’ లేదా ‘అందిన పుస్తకాలు’ అనే చిన్న శీర్షిక ఉంటుంది. పేజీలు, వెల, ఎక్కడ దొరుకుతుందో అన్నీ అందులోనే. సోమవారం ఆంధ్రజ్యోతి ‘వివిధ’ పేజీలో ఆవిష్కరణ సభల కబుర్లు కూడా వస్తాయి.

3. షాపులో అడిగి తీయించుకోండి

హైదరాబాద్‌లో ఉంటే కాచిగూడ నవోదయకు వెళ్లండి. అయితే ఒక చిక్కుంది. దీర్ఘకవిత పేరుతో వచ్చే పుస్తకాలు తరచూ నలభై యాభై పేజీలకు మించవు. నడుమ పిన్ను కొట్టిన పుస్తకానికి వీపే ఉండదు, ఇక పేరెక్కడ కనిపిస్తుంది? రెండు లావు పుస్తకాల మధ్య ఇరుక్కుపోతుంది. కాబట్టి అరలో పేర్లు చదువుతూ నడిస్తే లాభం లేదు. “పల్చటి కవిత్వ పుస్తకాలు కట్టగా ఎక్కడైనా పెట్టారా?” అని అడగండి. కట్ట విప్పించుకుని కింద కూర్చుని చూడటమే.

ఛాయ, అన్వీక్షికి లాంటి చిన్న ప్రచురణ సంస్థలవి వెతుక్కోవడం కొంచెం తేలిక.

4. సభకు, బుక్ ఫెయిర్‌కు

మామూలుగా డిసెంబరులో హైదరాబాద్‌లో, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండగ. పెద్ద స్టాళ్లు ఒక్క చుట్టులో ముగించి, బల్ల మీద తన పుస్తకాలే పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర ఆగండి. మొహమాటపడి కొనొద్దు. నడిమి పేజీల్లో ఎక్కడో తెరిచి, రెండు కవితలు నిలబడే చదవండి. మొదటి కవిత ఎవరైనా మంచిదే పెడతారు.

ఆవిష్కరణ సభల్లో ప్రసంగాలు సాగుతాయి, టీ బాగుంటుంది, పుస్తకం గుమ్మం దగ్గరే దొరుకుతుంది. 1965లో దిగంబర కవులనే తిరుగుబాటు బృందం వాళ్లు తమ మొదటి సంపుటాన్ని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఇప్పటి సభలకు అంత నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

5. ఫోన్ చేయండి

అందరూ జంకేది ఇక్కడే. మొదటిసారి చేసినప్పుడు నాకూ టెన్షనే. కవిగారి భార్య ఎత్తి, “ఆయన బడికెళ్లారండీ, సాయంత్రం చేయండి” అన్నారు. సాయంత్రం ఆయనే చేశారు, “మీకు నా నంబరు ఎవరిచ్చారండీ?” అంటూ. పుస్తకంలోనే ఉందంటే కాసేపు నవ్వారు.

పేరు చెప్పండి, ఏ కవిత చదివారో చెప్పండి, పోస్టు ఖర్చుతో కలిపి ఎంతో అడిగి ముందే ఫోన్‌పే చేసేయండి. “డబ్బులెందుకండీ” అంటారు. వినకండి. పిన్‌కోడ్‌తో సహా అడ్రసు వాట్సాప్‌లో పెట్టండి.

నాకొచ్చిన కవరులో అడిగిన పుస్తకంతో పాటు ఆయన మిత్రుడిది ఇంకో పల్చటి పుస్తకం ఉంది. ఆ రాత్రే దాని టైటిల్ పేజీ తిప్పి, ‘ప్రతులకు’ కింద నంబరు రాసుకున్నాను.