దొడ్లో పుట్టింగ్ గ్రీన్: కాలువలు కట్టేసిన రోజుల్లోనే పని కానివ్వండి

మా అన్నయ్య విశాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ గోల్ఫ్ ఆడేవాడు. రిటైరై అమలాపురం దగ్గర మా ఊరు వచ్చాక, దొడ్లో పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున ప్లాస్టిక్ గడ్డితో పుట్టింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేయడం సాధన చేసే చోటు, వేయించుకున్నాడు. వేయించింది జులైలో. ఆగస్టుకల్లా మధ్యలో ఉబ్బింది, అడుగు వేస్తే చెప్పు చుట్టూ నీళ్లు ఊరాయి, అతుకు నోరు తెరిచింది. విప్పి చూస్తే కింద ఇసుక, దాని కింద జావలా మారిన నల్లమట్టి. గడ్డి మంచిదే. నీటికి దారే లేదు. మరుసటి వేసవిలో ఆ పని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆసాంతం దగ్గరుండి చూశాను. ఈ ఏడాది వేయించుకునే ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మన డెల్టాలో నీళ్లు పైనుంచే కాదు, కిందనుంచి కూడా వస్తాయి. ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు వదిలి, చేలు తడిశాక, ఊళ్లో నూతుల మట్టం పైకి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే దిగుతుంది. అందుకే నేల తవ్వే పని ఆ రోజుల్లో పెట్టుకుని, మృగశిర కార్తె వచ్చేలోపు ముగించాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. కాలువలు కట్టేసినప్పుడు గొయ్యి తీసి చూస్తే ఎవరి దొడ్డైనా పొడిగానే కనబడుతుంది. అది చూసి ధైర్యపడితే దెబ్బ తింటాం. వీలుంటే వానాకాలంలోనే, కాలువలు నిండుగా పారుతున్నప్పుడు, అడుగు చదరంలో రెండడుగుల లోతు గొయ్యి తీసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి ఊట ఎంతవరకు వచ్చిందో కర్రతో కొలిచి గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ అవకాశం దాటిపోతే ఇంట్లో నుయ్యి ఉంటే తొంగి చూడండి, వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట ఒరల మీద చార ఉంటుంది. ఊట అడుగున్నర లోపే తగులుతుంటే నేలను తవ్వి వేయకండి, చుట్టూ ఇటుకకట్టు కట్టి ఎత్తు చేసి వేయండి. ఖర్చు పెరుగుతుంది, అయినా ఇదే సరైన దారి.

మా మేస్త్రీ "గోదారి ఇసుక ఉండగా కంకరెందుకండీ, ఇసుక పోసి దిమ్మిస కొట్టేద్దాం ఆయ్" అన్నాడు. మొదటిసారి వేసినవాళ్లు చేసింది అదే. ఏటి ఇసుక రేణువులు నునుపుగా, గుండ్రంగా ఉంటాయి, ఎంత కొట్టినా ఒకదాన్నొకటి పట్టుకోవు, నాలుగడుగులు వేస్తే గుంట పడుతుంది. ఎర్ర గ్రావెల్ కూడా వద్దు, దాన్లో బంకమట్టి ఉంటుంది, నీళ్లు పట్టి ఉంచుతుంది. కావలసింది క్వారీలో పగలగొట్టిన రాయి. పై మట్టి తీసేశాక జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కంకర నల్లమట్టిలోకి దిగబడదు. దాని మీద నాలుగంగుళాల 20 ఎంఎం కంకర, ఆపైన రెండంగుళాల సన్న చిప్స్, పైన పైన మాత్రం పలచగా క్రషర్ డస్ట్, అంటే రాయి పగలగొట్టినప్పుడు వచ్చే పొడి. డస్ట్ మందంగా పోస్తే అదే నీటిని ఆపేస్తుంది. పొర పొరకీ ప్లేట్ కంపాక్టర్ (అదిమి గట్టిపరిచే యంత్రం) అద్దెకు తెచ్చి తిప్పించండి. పదిహేను, పది అడుగుల గ్రీన్‌కు ఆరంగుళాల మందమంటే 75 ఘనపుటడుగులు. కుదించాక తగ్గుతుంది కాబట్టి అన్నీ కలిపి ఒక యూనిట్, అంటే వంద ఘనపుటడుగులు, తెప్పించుకోవాలి.

వాటం పది అడుగులకు ఒకటిన్నర అంగుళం చాలు. అంతకు మించితే బంతి గుంట దగ్గర ఆగదు. ఆ వాటం ఎటు దిగుతుందన్నది ముఖ్యం. ఇంటి పునాది వైపు, పక్కవాళ్ల గోడ వైపు రాకూడదు. దిగువన చిల్లుల పైపు వేసి ఊరి మురుగు బోదెలో కలపండి. ఆ బోదె వానాకాలంలో నిండి ఎదురు తన్నుతుందో లేదో ముందే చూసుకోండి. చూరు నీళ్లు గ్రీన్ మీద పడకుండా తూము పెట్టించండి.

గడ్డి పరిచే రోజు వాన సూచన ఉంటే వాయిదా వేయండి. వెనకభాగం తడిగా ఉంటే జిగురు పట్టదు. చుట్టను రెండు మూడు గంటలు ఎండలో విప్పి ఉంచితే మడతలు పోతాయి. ముక్కలన్నిటి పోచలూ ఒకే దిక్కుకు వాలాలి. పైన చల్లే సిలికా ఇసుక పొడిగా ఉండాలి, తడి ఇసుక ఉండలు కట్టి పోచల మధ్యకు దిగదు. గుంట కప్పు 108 మిల్లీమీటర్లు. దాని అడుగున చిల్లు ఉందో లేదో వేలు పెట్టి చూడండి, కింద గుప్పెడు కంకర వేయించండి. లేకపోతే నిలిచిన నీళ్లలో వారం పది రోజుల్లోనే దోమలు తయారవుతాయి.

తవ్వే ముందు బోరు మోటారు తీగ ఎక్కడి నుంచి పోతుందో గుర్తించి మెయిన్ ఆపేయండి. అంచులకు కొట్టే ఆరంగుళాల మేకు ఒక్కటి తీగలో దిగితే ప్రాణం పోతుంది. సెప్టిక్ ట్యాంకు మూతను గడ్డి కింద కప్పేయకండి. కొబ్బరిచెట్టు కింద అసలు వేయించకండి, కాయ పడితే తలకు ప్రమాదం.

అంచులు వదులుగా ఉంటే పందికొక్కులు కింద తవ్వేస్తాయి, ఆ బొరియల్లోకి పాములు వస్తాయి. మా దొడ్లో రెండో వానకే అంచు ఎత్తి చూస్తే కట్లపాము కుబుసం దొరికింది. చుట్టూ సిమెంటు కట్టు పోసి, కంకర కింద సన్న కన్నాల ఇనుప వల పరిపించాం. రాత్రి బంతి కోసం మూలల్లో చేయి పెట్టకండి, టార్చి వేసుకోండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు ఏదీ వద్దు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి, నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోహిణి కార్తె ఎండలో పనివాళ్లను మధ్యాహ్నం నిలబెట్టకండి. పొద్దున్నే మొదలుపెట్టి పదింటికి ఆపి, సాయంత్రం మళ్లీ చేయించండి. మజ్జిగ, నీళ్లు దగ్గర పెట్టండి. పరిచాక కూడా ప్లాస్టిక్ గడ్డి ఎండకు మామూలు నేల కంటే బాగా కాలుతుంది. పిల్లల్ని ఉత్త కాళ్లతో వదలకండి, ముందు అరచేయి ఆనించి చూడండి. దీపావళి మతాబు రవ్వ పడినా పోచలు కరిగి గట్టిపడతాయి. భోగి మంట దానికి దూరంగా, గాలి వాటం చూసి వేసుకోండి.

గట్లకు లోపల, లంకల్లో ఉన్నవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. 2022 జులై వరద లాంటిది ఒక్కసారి దొడ్లోకి వస్తే, పోచల మధ్య ఒండ్రు పేరుకుని కింద కంకరంతా పూడుకుపోతుంది, కడిగినా రాదు. అంతగా మనసైతే చుట్ట చుట్టి అటక మీద పెట్టుకునే చాప లాంటిది కొనుక్కోండి.

తొలకరి మొదటి గట్టి వాన తగ్గిన గంటకు వెళ్లి, ఎక్కడైనా నీరు నిలిచిందేమో చూసి అక్కడ సుద్దతో గీత పెట్టండి. మేస్త్రీకి ఇవ్వాల్సిన ఆఖరి వాయిదా అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి.