చిన్న కారులో పెద్ద డీజిల్ ఇంజిన్: కొనేముందు కొలత టేపు తీయండి

1932 ఫోర్డ్ హాట్ రాడ్‌లో (వేగం కోసం ఇంజిన్ మార్చి తయారుచేసుకునే పాత కారు) డాడ్జ్ పికప్ నుంచి తీసిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ బిగించాలని సరదా పడేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. అదేం వింత కాదు. పాత హాట్ రాడ్ల మీద పొడుచుకొచ్చి కనిపించే సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంపు) కూడా మొదట జీఎంసీ 6-71 డీజిల్ ఇంజిన్‌దే.

చిక్కల్లా బరువుతోనే. కమిన్స్ దాదాపు 500 కిలోలు తూగుతుంది. హాట్ రాడ్లలో మామూలుగా వాడే షెవర్లే చిన్న వీ8 (ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్) బరువు అందులో సగమే. ఆ అదనపు బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది. పైగా ఆరు సిలిండర్లూ ఒకే వరస కాబట్టి ఇంజిన్ పొడుగు, ఎత్తు రెండూ ఎక్కువే. అందుకే ముందు అట్టతోనో ప్లైవుడ్‌తోనో అదే సైజులో డొల్ల ఇంజిన్ చేసి ఛాసిస్‌లో పెట్టి చూడండి. ఫ్యాన్, రేడియేటర్, టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది), కింద ఆయిల్ పాన్ ముందు ఇరుసుకు తగులుతుందా అన్నది, అన్నీ లెక్కలోకి రావాలి. పట్టకపోతే నాలుగు సిలిండర్ల 3.9 లీటర్ల కమిన్స్ ఉంది, సుమారు 340 కిలోలు. అదురు ఎక్కువే గానీ, నన్నడిగితే అదే నయం.

ఎత్తే క్రేన్‌తోనూ జాగ్రత్త. రెండు టన్నులని రాసి ఉన్నా, చెయ్యి పొడవు పెంచేకొద్దీ అది మోయగలిగే బరువు బాగా తగ్గిపోతుంది.

చాలామంది మర్చిపోయేది బ్రేకులు. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్‌తో, మన కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది. డీజిల్‌లో గాలిని అదుపు చేసే థ్రాటిల్ ఉండదు, ఆ వ్యాక్యూమూ ఉండదు. పాత బూస్టర్ అలాగే వదిలేస్తే, ఇంత బరువు పెట్టుకుని పెడల్ తొక్కినప్పుడు అది రాయిలా ఉంటుంది. విడిగా వ్యాక్యూమ్ పంప్ పెట్టాలి, లేదంటే పవర్ స్టీరింగ్ పంప్ ఒత్తిడితో పనిచేసే హైడ్రోబూస్ట్ వేసుకోవాలి.

గేర్ల లెక్క కూడా ఇంజిన్ కొనకముందే వేసుకోండి. పాత 5.9 ఇంజిన్ వేగం 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే దాదాపు ఆగిపోతుంది, అంతకు మించి పెద్దగా పెరగదు. 28 అంగుళాల టైర్లు, టాప్ గేర్ 1:1, వెనక ఇరుసు గేర్ల నిష్పత్తి 4.10 అయితే గంటకు 82 కిలోమీటర్లు దాటదు. అదే 3.08 వేస్తే 108 దాకా వెళ్తుంది.

పాత 5.9లో టైమింగ్ గేర్ల దగ్గర ఒక చిన్న డోవెల్ పిన్ (భాగాలను సరైన చోట నిలిపే ఇనుప మేకు) ఉంటుంది. అది వదులై గేర్లలో పడితే ఇంజిన్ బద్దలే. ఇంజిన్ స్టాండ్ మీద ఉండగానే అది జారకుండా అడ్డు బిగించేయండి.

ఇక మొదటి స్టార్టు. టర్బో సీలు పోయి ఆయిల్ లోపలికి వెళ్తే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ స్పీడు పెంచుకుంటూ పోతుంది. తాళం తిప్పినా ఆగదు, గాలి ఆపాల్సిందే. ఇన్‌టేక్‌ను మూసేందుకు మందపాటి పలక పక్కనే సిద్ధంగా ఉంచుకోండి. చెయ్యి గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టొద్దు. ఆ సమయంలో ఇంజిన్‌కు నేరుగా పక్కన ఎవరూ నిలబడకూడదు. ఇంజెక్టర్ పైపు కారుతోందనిపిస్తే అట్టముక్కతో వెతకండి, వేలితో కాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగొద్దు.